నాన్నకు కనబడే పిల్లలు, అమ్మ మీద పడే నిందలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పొన్నూరు దగ్గర పల్లె. నాన్నగారికి 71 ఏళ్లు. సహకార సంఘంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ల కిందట కుడిచెయ్యి వణకడం మొదలైతే గుంటూరులో చూపించాం, పార్కిన్సన్స్ అన్నారు. అప్పట్నుంచీ సిండోపా వాడుతున్నారు. రెండేళ్ల కిందట ప్రామిపెక్సోల్ కూడా కలిపారు. మొన్నమొన్నటిదాకా బాగానే ఉన్నారు. ఐదు నెలల కిందట వణుకు బాగా ఎక్కువైతే ఊళ్లో డాక్టరు గారు పాసిటేన్ రాశారు. ఆ తర్వాత కొన్ని వారాలకే, చీకటి పడేసరికి వసారాలో ఇద్దరు చిన్నపిల్లలు కూర్చున్నారని, వాళ్లకి అన్నం పెట్టమని అమ్మని అడగడం మొదలుపెట్టారు. భయపడటం లేదు, నవ్వుతూనే చెబుతారు. ఇప్పుడేమో అమ్మకీ పక్కింటాయనకీ సంబంధం ఉందంటున్నారు. అమ్మకి 65 ఏళ్లు, వాళ్లది 46 ఏళ్ల కాపురం. కర్పూరం వెలిగించి ప్రమాణం చేసినా నమ్మలేదు. గాలి సోకిందని ఎవరో అంటే తాయెత్తు కట్టించాం. ఒక రాత్రి కేకలు వేస్తుంటే ఆర్ఎంపీ వచ్చి ఏదో ఇంజెక్షన్ చేశాడు. మూడు రోజులు మనిషి కొయ్యబారిపోయారు. అన్నయ్య మందులన్నీ ఆపేద్దామంటున్నాడు. సంఘం లెక్కలు కళ్లు మూసుకుని చెప్పిన మనిషి ఇప్పుడు పాల లెక్క తేల్చలేకపోతున్నారు. ఇది పిచ్చా, మతిమరుపు జబ్బా? వాడే మందులన్నీ ఫొటో తీసి పంపుతున్నాను.
– ఒక కూతురు

సమాధానం:

అమ్మా, ముందు మీ అన్నయ్య మాట తేల్చేద్దాం. మీరు రాసినవాటిలో ఇవాళే ప్రమాదం తెచ్చిపెట్టగలిగేది అదే. సిండోపా ఉన్నపళంగా ఆపకండి. ఏళ్లతరబడి అందులోని లెవోడోపాకి అలవాటుపడ్డ శరీరానికి అది ఒక్కసారిగా అందకపోతే ఒళ్లంతా బిగుసుకుపోయి, జ్వరం తీవ్రంగా పెరిగి, స్పృహ తప్పి, కిడ్నీలు దెబ్బతినే పరిస్థితి రావచ్చు. ఐసీయూలో పెట్టినా ప్రాణం దక్కని సందర్భాలున్నాయి. ప్రామిపెక్సోల్ హఠాత్తుగా ఆపితే విపరీతమైన ఆందోళన, దిగులు, చెమటలు పడతాయి. పాసిటేన్‌ని కూడా మెల్లగానే తగ్గించాలి. మందుల పాత్ర ఉందన్న మీ అన్నయ్య అనుమానం మాత్రం, నా లెక్క ప్రకారం, సరైనదే. ఏ మందు, ఎంత, ఏ వరసలో తగ్గించాలన్నది న్యూరాలజిస్టు తేల్చాలి.

ఇప్పుడు మీరు పంపిన ఫొటో. అందులో మీరు ఉత్తరంలో రాయని మందు ఒకటుంది, పరగడుపున వేసుకునే గ్యాస్ క్యాప్సూలు. మన దగ్గర గ్యాస్ మాత్రని ఎవరూ మందు కింద లెక్కవేయరు కాబట్టి మీరూ వదిలేసి ఉంటారు. ఆ అట్ట మీద పాంటొప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ అని ఉంది. పాంటొప్రజోల్‌తో ఇబ్బంది లేదు. లెవోసల్పిరైడ్ మాత్రం, మెదడులో కదలికల్ని నడిపే డోపమిన్ అనే రసాయనానికి అడ్డుపడే మందు. పార్కిన్సన్స్ అంటేనే డోపమిన్ కొరత. ఒక చేత్తో సిండోపా ఇస్తూ ఇంకో చేత్తో దాని పని చెడగొట్టినట్టు. జబ్బు లేనివాళ్లకి కూడా ఈ మందు వల్ల వణుకు, బిగుతు వచ్చి మా దగ్గరికి వస్తుంటారు.

ఆ క్యాప్సూలు ఎప్పుడు మొదలైందో పాత చీటీల్లో వెతకండి. ఐదారు నెలల కిందటైతే కథ ఇలా సాగి ఉండాలి: కడుపుబ్బరానికి ఈ క్యాప్సూలు రాశారు. దాని వల్ల వణుకు పెరిగింది. జబ్బు ముదిరిందనుకుని పాసిటేన్ కలిపారు. పాసిటేన్‌తో పిల్లలు కనిపించారు, అనుమానాలు మొదలయ్యాయి. వాటికి ఇంజెక్షన్ పడింది, ఆ ఇంజెక్షన్‌తో మనిషి కొయ్యబారారు. ఒక మందు తెచ్చిన తంటాకి ఇంకో మందు, దాని తంటాకి మరోటి. రాసిన ప్రతివాళ్లూ తమ ముందున్న బాధ ఒక్కటే చూశారు, మొత్తం సంచీ ఎవరూ విప్పలేదు. ఫొటో చూసి నేను కట్టిన ఊహ ఇది. కాదని తేలినా, డాక్టరుతో మాట మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే.

పాసిటేన్ మీదే ఎందుకు అనుమానమంటే, దాని అసలు పేరు ట్రైహెక్సీఫెనిడిల్. వయసులో ఉన్నవాళ్ల వణుకుకి పనికొస్తుంది, చవక కూడా. కానీ అది ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. జ్ఞాపకానికీ, ధ్యాసకీ, చూసినదాన్ని సరిగ్గా పోల్చుకోవడానికీ మెదడుకి కావలసింది ఆ రసాయనమే. పార్కిన్సన్స్‌లో డోపమిన్‌తో పాటు అదీ తగ్గుతూ వస్తుంది. 70 దాటిన పార్కిన్సన్స్ రోగికి పాసిటేన్ కొత్తగా మొదలుపెట్టడం నాకైతే ఎప్పుడూ నచ్చదు. మలబద్ధకం పెంచుతుంది, మూత్రం బిగబడుతుంది, అవి చాలదన్నట్టు మతి తడబడుతుంది. మూత్రం ఆపుకోలేకపోవడానికి రాసే కొన్ని మాత్రలు, జలుబుకి వాడే నిద్రమత్తు మాత్రలు కూడా ఈ జాతివే. అవి కూడా వేస్తుంటే డాక్టరుకి చెప్పండి. తాయెత్తు కట్టినాయన పొడి ఏదైనా ఇచ్చాడా? వాత రోగాలకి ఇచ్చే పొడుల్లో దూలగొండి గింజలు కలపడం మామూలు. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. సిండోపా మీద అదీ పడితే మోతాదు ఎంతైందో ఎవరికీ తెలియదు. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి. పొడులు, పసర్లు, ఉపవాసాలు, కొట్టి గాలి వదిలించడాలు మాత్రం వద్దు.

తప్పంతా మందులదే అంటే అదీ అబద్ధమే. తొమ్మిదేళ్లుగా ఉన్న జబ్బుకి కూడా ఇందులో వాటా ఉంది.

1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బుని మొదటిసారి వివరంగా రాస్తూ, ఇంద్రియాలూ బుద్ధీ చెక్కుచెదరవన్నాడు. ఆయన చూసింది ఆరుగురినే, అందులో కొందరిని వీధిలో నడుస్తుండగా. ఆ మాట వైద్యంలో చాలాకాలం నిలిచిపోయింది. ఇప్పటికీ మా ఓపీల్లో చెయ్యి చాపమంటాం, నడిపించి చూస్తాం, మోతాదు మార్చి పంపిస్తాం. ‘మీకు లేనివి ఏమైనా కనిపిస్తున్నాయా?’ అని అడిగే తీరిక ఉండదు. రోగి చెప్పడు, పిచ్చి అనుకుంటారని భయం. ఇంట్లోవాళ్లు పరువు పోతుందని చెప్పరు. అసలు సంగతేమిటంటే ఈ జబ్బులో మెదడు కణాల్లో ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రొటీన్ ముద్దలు కడుతుంది. అది కదలికలు నడిపే భాగంతో ఆగదు, నిద్ర, మనసు, చూపు, ఆలోచన నడిపే భాగాలకీ పాకుతుంది. మీ అమ్మగారిని ఒకటి అడగండి: చెయ్యి వణకడానికి ఏళ్ల ముందే ఆయన నిద్రలో కేకలు వేయడం, కలలో ఎవరితోనో కొట్లాడుతున్నట్టు చేతులు విసరడం, కాళ్లు తన్నడం ఉండేవా? చాలామంది భార్యలు ‘ఔను, అందుకే వేరే మంచం వేసుకున్నాను’ అంటారు. ఈ జబ్బు అలా నిద్రలోంచి తొంగిచూడటం కద్దు. ఆ రాత్రి కేకలు కూడా అవేనేమో కనుక్కోవాలి, ఎందుకంటే వాటికి వైద్యం వేరు.

పిల్లలు కనబడటం సంగతి. పార్కిన్సన్స్‌లో ఎక్కువగా కనిపించేవి ఇలాంటివే: పిల్లలు, పొట్టి మనుషులు, కుక్కలు, పిల్లులు, చనిపోయిన బంధువులు. సాధారణంగా మాట్లాడరు, ఊరకే కూర్చుంటారు, దగ్గరికి వెళితే మాయమవుతారు. అంతకంటే ముందు వెనకాల ఎవరో నిలబడ్డట్టు అనిపించడం, కంటి కొసన ఏదో చటుక్కున పోయినట్టుండటం, కుర్చీ మీద మడిచిన దుప్పటి పిల్లిలా కనబడటం వంటివి వస్తాయి. జబ్బు చాలా ఏళ్లు సాగినవాళ్లలో సగం మందికి ఏదో ఒక రూపంలో ఈ అనుభవం ఉంటుంది. కాబట్టి ఇది మీ ఇంట్లో మాత్రమే జరుగుతున్న వింత కాదు, గాలీ కాదు, మీరు భయపడే అర్థంలో పిచ్చీ కాదు. కళ్లు పంపే బొమ్మ మసకగా ఉంటే మెదడు ఖాళీలు తనే పూరించుకుంటుంది, ఆ పూరించడంలో పొరపాటు జరుగుతోంది. చీకటి పడేసరికి మొదలవడానికి కారణం అదే. వసారాలో మంచి వెలుతురునిచ్చే బల్బు పెట్టండి, సాయంత్రం అయిదున్నరకే వేయండి. అక్కడ వేలాడే బట్టలు, మూలన నిలబెట్టిన చాపలు తీసేయండి. శుక్లాలు ఉన్నాయేమో కంటి డాక్టరుకి చూపించండి, కళ్లద్దాలు పాతవైతే మార్చండి. మాత్ర మార్చకుండానే సగం తగ్గినవాళ్లున్నారు.

ఆయనతో ఏమనాలి? ‘ఎవరూ లేరు, నీకు మతి పోయింది’ అనకండి. ‘ఔను, ఇద్దరున్నారు’ అని పళ్లెంలో అన్నం పెట్టి ఆ మూల పెట్టకండి కూడా. ‘నాకు కనబడటం లేదు నాన్నా. మీకు కనబడుతున్నారంటే జబ్బు వల్ల అయి ఉంటుంది, డాక్టరు గారు చెప్పారు’ అనండి. నవ్వుతూ చెబుతున్నారంటే అది తనకి మాత్రమే కనిపిస్తున్నదన్న ఎరుక ఆయనకి కొంత మిగిలి ఉండవచ్చు. ఆ ఎరుక ఉన్నంతకాలం, భయపెట్టనంతకాలం పిల్లల కోసమని ప్రత్యేకంగా మందు వేయనక్కర్లేదు.

పక్కింటాయన మీద అనుమానం అలా కాదు. అక్కడ ఎరుక లేదు, పూర్తి నమ్మకం ఉంది. అందుకే వైద్యం తొందరగా కావాలి. జీవిత భాగస్వామి మీద ఇలాంటి అనుమానం రావడం ఈ జబ్బులో మాకు బాగా తెలిసిన లక్షణం. దొంగతనం జరిగిందనీ, విషం పెడుతున్నారనీ, ఇది మన ఇల్లు కాదనీ అనేవాళ్లూ ఉంటారు. ఇన్నాళ్లూ మనసులో దాచుకున్నది ఇప్పుడు బయటపడింది కాబోలు అని బంధువులెవరైనా అంటే మీ అమ్మగారి చెవిన పడనివ్వకండి. అది శుద్ధ తప్పు. రోజంతా కళ్ల ముందు తిరిగేది ఆమే, అన్నిటికీ తను ఆధారపడేదీ ఆమె మీదే కాబట్టి, మెదడు తడబడినప్పుడు ఆ నింద ఆమె మీదే పడుతుంది. ఇక ప్రమాణాలు చేయించకండి. రుజువులతో పోయే నమ్మకం కాదది. పైగా ప్రమాణం చేసిన ప్రతిసారీ ఆమె సంజాయిషీ చెప్పుకోవాల్సిన మనిషిగా ఆయన ముందు నిలబడుతోంది. ‘మీకు బాధగా ఉంది, నాకు తెలుస్తోంది. నేనెక్కడికీ పోను’ అని అంతటితో ఆపి, కాఫీ పెట్టడమో, అరుగు మీదికి తీసుకెళ్లడమో చేస్తే చాలు. పక్కింటాయనకి మీరే వెళ్లి విషయం చెప్పండి. తెలియకపోతే ఆయనా నొచ్చుకుంటాడు, అది ఊళ్లో ఇంకో కథవుతుంది. ఇంట్లో కత్తిపీట, కొడవలి, పురుగుమందు డబ్బా వంటివి అందకుండా పెట్టండి. చేయి చేసుకోబోతే ఆమె వాదించకుండా బయటికి వచ్చేయాలి. ఈ మాట మొహమాటం లేకుండా ఆమెకి చెప్పండి.

ఆ ఇంజెక్షన్ ఏమిటో చీటీ లేదన్నట్టే ఉంది. హాలోపెరిడాల్ అని నా అనుమానం. కేకలు వేసే మనిషికి చాలాచోట్ల చేతికందేది అదే. అదీ డోపమిన్‌కి అడ్డుపడేదే కాబట్టి పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి పడదు, అదే పనికి వాడే ఓలాంజపిన్, రిస్పెరిడోన్ కూడా పడవు. వాంతులకి పెరినార్మ్, స్టెమెటిల్ పడవు. తలతిరుగుడుకి నెలల తరబడి సిన్నరిజిన్, ఫ్లూనారిజిన్ వేయకూడదు. గ్యాస్ మందు సంగతి చెప్పాను కదా. ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లిషులోనూ పెద్ద అక్షరాలతో రాసి నాన్నగారి పర్సులో ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి పెట్టండి. తుంటి విరిగి అర్ధరాత్రి ఆసుపత్రిలో చేరినా అక్కడి డ్యూటీ డాక్టరుకి ముందు ఆ కాగితం అందాలి. వాంతులకి డోంపెరిడోన్ కొంత నయం, గుండెజబ్బు లేకపోతే.

ఈ వారమే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. మొదట రాసినాయన గుంటూరులో ఇంకా చూస్తుంటే ఆయనే మేలు. సంచీ మొత్తం తీసుకెళ్లండి, కంటి చుక్కలతో సహా. ముందు మూత్రపరీక్ష, రక్తంలో సోడియం, షుగరు, థైరాయిడ్, బి12 చూస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, నీళ్లు సరిగా తాగకపోవడం, వారం రోజుల మలబద్ధకం – ఈ మూడిట్లో ఏ ఒక్కటి చాలు, ముసలివాళ్లకి మతి తప్పడానికి. తర్వాత మందులు తగ్గిస్తారు. మామూలుగా పాటించే వరస: ముందు పాసిటేన్ జాతి, అమంటాడిన్ అనే ఇంకో పార్కిన్సన్స్ మందు ఉంటే అది, తర్వాత ప్రామిపెక్సోల్, చిట్టచివర అవసరమైతేనే సిండోపా. పాసిటేన్ తగ్గితే వణుకు కొంచెం పెరగవచ్చు. గ్యాస్ క్యాప్సూలు పోయాక అది సర్దుకునే అవకాశముంది, దాని ప్రభావం వదలడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఇవన్నీ చేసినా అనుమానం వదలకపోతే క్వటయపిన్ అనే మందు చాలా తక్కువ మోతాదులో, రాత్రిపూట 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. దానికీ లొంగకపోతే క్లోజపిన్ ఉంది. అది బాగా పనిచేస్తుంది, కాకపోతే తెల్లరక్తకణాలు పడిపోకుండా మొదట్లో వారంవారం రక్తపరీక్ష తప్పనిసరి. పెద్దవాళ్లలో ఈ జాతి మందులన్నిటికీ ముప్పు ఉంది కాబట్టి అవసరమైనంత కాలమే వాడతారు. సైకియాట్రిస్టు కూడా చూడాలంటే నామోషీ పడకండి, ఇద్దరూ కలిసి చూస్తేనే ఇది కుదుటపడుతుంది.

ప్రామిపెక్సోల్ గురించి మీరు అడగని ప్రశ్న ఒకటి నేను అడగాలి. ఈ రెండేళ్లలో నాన్నగారు డబ్బు ఎడాపెడా ఖర్చుపెట్టడం, పేకాట, బెట్టింగ్, అవసరం లేనివి కొనడం, అర్ధరాత్రి లేచి మిఠాయిలు తినడం, వయసుకి మించిన లైంగిక వాంఛతో అమ్మగారిని ఇబ్బంది పెట్టడం జరిగాయా? 2010లో వెలువడిన అధ్యయనంలో అమెరికా, కెనడాల్లో 3,000 మందికి పైగా పార్కిన్సన్స్ రోగుల్ని అడిగితే ఇంచుమించు ప్రతి ఏడుగురిలో ఒకరికి ఇలాంటి అదుపులేనితనం ఉందని తేలింది. ప్రామిపెక్సోల్ జాతి మందులు వాడేవాళ్లలో 17 శాతం, వాడనివాళ్లలో 7 శాతం. చివరి ప్రశ్న మీ అన్నయ్య అడగలేడు, మీరు కూడా నేరుగా అడగలేకపోవచ్చు. అమ్మగారిని డాక్టరు దగ్గర ఒక్కదాన్నే కూర్చోబెట్టండి. బ్యాంకు పాస్‌బుక్ ఒకసారి మీరు చూడండి.

ఇక మతిమరుపు. పాల లెక్క తేల్చలేకపోవడం మాట విని వెంటనే అల్జీమర్స్ అనుకోవద్దు. పార్కిన్సన్స్‌లో ముందు దెబ్బతినేది సాధారణంగా జ్ఞాపకం కాదు. ఆలోచన నెమ్మదిస్తుంది, ఒకేసారి రెండు పనులు మనసులో పెట్టుకోలేరు, పనికి వరస కట్టుకోలేరు. విషయం మెదడులోనే ఉంటుంది, బయటికి లాగడమే కష్టం. ‘గురువారం ఎన్ని లీటర్లు?’ అంటే చెప్పలేని మనిషి, ‘ఆ రోజు పాయసం చేశాం కదా’ అని అందిస్తే చెప్పేస్తారు. అలా అందివ్వండి, జవాబుకి ఆగండి. నడుస్తున్నప్పుడు మాత్రం ఏమీ అడగకండి, పడిపోతారు. పాసిటేన్ ఉన్నంతకాలం మతి ఎంత చెడిందో ఎవరూ తేల్చలేరు, కాబట్టి పరీక్ష అది పోయిన కొన్ని వారాల తర్వాతే. ఒక సంగతి దాచను: ఇలా కనబడటం, అనుమానించడం మొదలైనవాళ్లలో ముందుముందు డిమెన్షియా, అంటే మీరడిగిన మతిమరుపు జబ్బు, వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువ. వస్తే రివాస్టిగ్మిన్ అనే మందుంది. కొందరిలో ఇలా లేనివి కనబడటాన్నీ తగ్గిస్తుంది. కడుపులో వికారం, వణుకు కాస్త పెరగడం ఉంటాయి, కడుపుకి పడకపోతే ఒంటికి అంటించే పట్టీ రూపంలో ఇస్తారు. పొలం కాగితాలు, బ్యాంకు ఖాతా, వీలునామా లాంటివి ఉంటే మనసు తేటపడ్డాక, ఆయన ఇష్టప్రకారం, ఆలస్యం చేయకుండా చూసుకోండి. అనుమానం ముదిరి ఉన్న ఈ రోజుల్లో ఏ సంతకమూ వద్దు.

పొద్దస్తమానం ఆయన అరుగు మీద ముభావంగా కూర్చుంటున్నారా? మీరు రాయలేదు గానీ, అది కూడా డాక్టరుకి చెప్పాల్సిందే. దిగులు ఈ జబ్బులో చాలామందికి వస్తుంది, మందుకి లొంగుతుంది. బద్ధకం అని తిట్టేయడం తేలిక కాబట్టి అది ఎక్కువమందిలో బయటపడదు.

రెండు మూడు రోజుల్లోనే మనిషి బాగా మారిపోయినా, జ్వరంతో బిగుసుకుపోయినా, మగతగా పడి ఉన్నా, ఏమీ తినకపోయినా, చచ్చిపోతానన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

మీ అమ్మగారికి వారంలో కనీసం రెండు పూటలు ఆ ఇంటి నుంచి సెలవు కావాలి. మీరో అన్నయ్యో వంతులేసుకోండి. గుడికో, చెల్లెలి ఇంటికో, ఎక్కడికి వెళతారన్నది ఆమె ఇష్టం. రాత్రి ఆమె వేరే గదిలో, లోపలి గడియ పెట్టుకుని పడుకోవచ్చు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 14416కి ఫోన్ చేస్తే చాలు, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నాన్నగారిని గుంటూరు తీసుకెళ్లిన రోజే ఆమె బీపీ, షుగరు కూడా చూపించండి. 65 ఏళ్ల మనిషి ఎన్ని నెలలుగా సరిగా నిద్రపోయి ఉండదో మీ ఉత్తరం చదువుతుంటే తెలుస్తూనే ఉంది.